రిపోర్టులు రాసే చేత్తో మళ్ళీ కథ రాయడం ఎలా?

దేవరకొండ టీచర్:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక మండలంలో, భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్‌గా పనిచేస్తున్నాను. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఒక బడి ఆవరణలోనే సమగ్ర శిక్ష అనే సర్కారు విద్యా పథకం కింద నడిచే చిన్న సెంటర్ ఇది. మాటలు రాని పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండని స్థితి) ఉన్నవాళ్ళు, ఆటిజం ఉన్నవాళ్ళు, ఎదుగుదల ఆలస్యమైనవాళ్ళు వస్తారు. వారానికోసారి ఫిజియోథెరపీ ఉంటుంది. ఇల్లు కదలలేని పిల్లల దగ్గరికి శనివారం మేమే వెళ్తాం.

ఈ ఉద్యోగంలో చేరకముందు కథలు రాసేదాన్ని. డిగ్రీ చదివేటప్పుడు మొదలుపెట్టాను. ఆదివారం అనుబంధాల్లో నాలుగు అచ్చయ్యాయి. మా నాన్న ఆ పేజీలు కత్తిరించి ఎల్‌ఐసీ బాండ్ల ఫైల్లో పెట్టుకున్నాడు, ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. తర్వాత స్పెషల్ బీఈడీ, ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు. చివరి కథ అచ్చయి పదకొండేళ్ళయింది.

టైం లేదు అంటే సగమే నిజం. రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లలు పడుకున్నాక గంటసేపు ఖాళీగానే ఉంటాను. నోట్‌బుక్ తీస్తాను. కానీ కలం పెడితే రిపోర్టు భాషే వస్తోంది. రోజంతా రాసేది అదే కదా. "శ్రద్ధ నిలుపు సమయం 2 నిమిషాలు." "సూక్ష్మ కండర నైపుణ్యాలు మెరుగుపడవలసి ఉన్నది." "తల్లిదండ్రులకు సూచించడమైనది." ఒక్కో బిడ్డకు విడిగా విద్యా ప్రణాళిక రాయాలి, అందులో ఎక్కువ భాగం ఆ బిడ్డకు ఏం రాదో రాయడమే. అది తప్పనను, అవసరమే. కానీ కొన్నేళ్ళు అలా రాస్తే మనిషిని చూడగానే మనసులో ఆ గడులే కనపడతాయి.

అసలు బాధ ఇది, కాస్త వివరంగా చెప్తాను.

శనివారం నేను వెళ్ళే ఇళ్ళలో ఒకటి. ఊరి పేరు రాయను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు చుట్టుపక్కల ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే. భూమిలోంచి తోడుకున్న ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, కానీ వాళ్ళ ఎముకలకు ఆ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఆ ఇంట్లో బాబుకు 8 ఏళ్ళు, సీపీ. మెడ నిలబడదు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటారు. బాబును తాతే చూసుకుంటాడు. తాతకు వెన్ను, మెడ బిగుసుకుపోయాయి. తల కిందికి వంచలేడు, పక్కకు చూడాలంటే మొత్తం ఒళ్ళు తిప్పాలి.

క్యాంపులో బాబుకు సీపీ కుర్చీ ఇప్పించాం. నడుముకు బెల్టు, ముందు చెక్క పలక ఉంటాయి. నేనే దగ్గరుండి నేలమీద పెట్టి, పాదాలు నేలకు ఆనేలా సర్ది, తాతకు చూపించి వచ్చాను. రెండు వారాల తర్వాత వెళ్తే కుర్చీ ఒక పెద్ద చెక్కపెట్టె మీద ఉంది. బాబు కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. నాకు కోపం వచ్చింది. "పడితే ఏంది తాతా? పాదాలు ఆనకపోతే నడుము నిలవదని చెప్పిన గదా" అని గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు రిపోర్టులో రాశాను: "కుర్చీ సరిగా వాడటం లేదు. కుటుంబానికి మరల సూచించడమైనది."

తర్వాతి శనివారం అన్నం పెట్టే వేళకు వెళ్ళాను. కుర్చీ మళ్ళీ పెట్టె మీదే ఉంది. తాత ఎదురుగా నిలబడి, పాలన్నం మెత్తగా పిసికి, చెంచాతో నేరుగా నోటికి అందిస్తున్నాడు. బాబు ముఖం, ఆయన ముఖం ఒకే ఎత్తులో ఉన్నాయి. "నాకు మెడ వంగది బిడ్డా. కిందేస్తే పోరని నోరు నాకు కనబడది" అన్నాడు.

తినిపించేటప్పుడు పిల్లల తల వెనక్కి వాలకూడదని, వాలితే ముద్ద ఊపిరితిత్తుల వైపు పోతుందని, పెట్టేవాళ్ళు ముఖానికి ముఖంగా ఉండాలని మాకు ట్రైనింగులో చెప్తారు. తాత తన మెడ కోసం చేసింది బాబు మెడకు కూడా సరిపోయింది. లోపం పాదాల దగ్గర మాత్రమే. ఆ రోజే కుర్చీని పెట్టె మీద వెనక్కి జరిపి, ముందు రెండు ఇటుకలకు గోనెపట్టా చుట్టి పాదాల కింద పెట్టాం. పడకుండా కుర్చీని కిటికీ చువ్వలకు తాడుతో కట్టాం.

ఇది జరిగి మూడేళ్ళు. మూడుసార్లు కథగా రాయబోయాను, మూడుసార్లూ చింపేశాను. ఒకసారి జాలికథ అయింది. ఒకసారి చివర్లో తాత నోట నీతివాక్యం పెట్టాను, నాకే నచ్చలేదు. మూడోసారి రెండో పేరాకే "బాలునికి మెడ నియంత్రణ లేదు" అని వచ్చింది. ఇటు ఫైల్లో నా పాత వాక్యం అలాగే ఉంది.

మళ్ళీ రోజూ రాసే అలవాటు ఎలా తెచ్చుకోవాలి? ఈ భాష ఎలా వదులుతుంది? ఆ ఇంటివాళ్ళ గురించి రాసే హక్కు అసలు నాకుందా? ఇలాంటి పనిలో ఉండి రాస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జడ్చర్ల నుంచి:

మేడం, మీరు చేసేది దైవకార్యం. ఆ పిల్లలే మీకు స్ఫూర్తి. ఒక్క అక్షరం దిద్దడానికి వాళ్ళు ఎంత కష్టపడతారో తలచుకుంటే మీకు రోజుకొక పేజీ పెద్ద పని కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రయత్నించండి. నేను గ్రూప్స్‌కు అలాగే చదువుతున్నాను.

నారాయణపేట అక్క:

చెల్లె, నేనూ నీలాగే భవిత సెంటర్‌లోనే ఉన్నా. పదమూడేళ్ళ సర్వీసు. పుస్తకాలేమీ వేయలేదు, కానీ ఆరేళ్ళుగా రాయడం మానలేదు. నా పద్ధతి చెప్తా, పనికొస్తే తీసుకో.

రాత్రి రాయకు. తొమ్మిదిన్నరకు నీ దగ్గర మిగిలేది అలసట, దానితో కథ ఎట్లా నడుస్తుంది? తెల్లవారి నాలుగు గంటలు పరీక్షలకు చదివే పిల్లలకు నడుస్తుంది గానీ టిఫిన్ డబ్బాలు కట్టే ఆడవాళ్ళకు నడవదు. నేను సెంటర్‌లోనే రాస్తా. పిల్లలను తీసుకుపోయాక, తాళం వేసేముందు. మా బస్సుకు ఇరవై నిమిషాలు టైం ఉంటుంది. చాపలు ఇంకా ఎత్తను, బంకమట్టి, పూసలు చెల్లాచెదురుగానే ఉంటాయి. ఆ గదిలో కూర్చుంటే ఆ రోజు జరిగింది కళ్ళముందే ఉంటుంది. ఇంటికి వచ్చి కూర తాలింపు పెట్టేసరికి సగం మాయమైపోతుంది.

రెండు పుస్తకాలు పెట్టుకున్నా. ఒకటి సర్కారుది. రెండోది రిపోర్టు గడిలో పట్టనిది రాసుకోవడానికి. మొన్న హాజరు రిజిస్టర్లో ఒక పాపకు నెలంతా గైర్హాజరు వేశా. రెండో పుస్తకంలో మాత్రం వాళ్ళు ఊరు విడిచిన రోజు రాసుకున్నా. మా వైపు దసరా దాటితే ముంబై, పుణె బస్సులు నిండుతాయి గదా. వాళ్ళమ్మ సంచీలో అన్నిటికంటే పైన ఆ పాప వినికిడి మిషన్ డబ్బా పెట్టుకుంది, "బ్యాటరీలు అక్కడ దొరుకుతయా టీచర్?" అని బస్టాండు నుంచి ఫోన్ చేసి అడిగింది. అంతే, మూడు వాక్యాలు. దాన్ని కథ చేయాలని ఇప్పటిదాకా కూర్చోలేదు. కథ దానంతట అది అవుతుందేమో చూస్తా.

చేతితో రాయలేని రోజు బస్సులో ఫోన్‌కు చెప్పి టైప్ చేయించుకుంటా. మాది కర్ణాటక బార్డర్, కన్నడ మాటలు కలిస్తే ఫోన్ తప్పులు రాస్తుంది. ఆదివారం కూర్చుని దిద్దుకుంటా, అదే నాకు రెండో రాత అవుతుంది. మొదటి నెల చాలా రోజులు "ఈ రోజు ఏమీ లేదు" అనే రాశా. అట్లా రాసినా రాసినట్టే లెక్క.

మిర్యాలగూడ నాన్న:

టీచర్ గారికి నమస్కారం. నేను రైసు మిల్లులో గుమాస్తాను. మా అబ్బాయికి ఆటిజం, 10 ఏళ్ళు. నేను రాసేవాణ్ణి కాదు, ఇక్కడ చదువుతాను అంతే. హక్కు గురించి అడిగారు గనక చెప్పాలనిపించింది.

జడ్చర్ల తమ్ముడి మనసు మంచిదే, నాకు తెలుసు. కానీ స్ఫూర్తి అనే మాట మా ఇంట్లో మాకు పనికిరాదు. మావాడు ఎవరికో స్ఫూర్తి ఇవ్వడానికి పుట్టలేదు. రెండేళ్ళ కింద ఒకాయన మా వాడి ఫోటో తీసి, "దేవుని బిడ్డ" అని పెద్ద వ్యాసం రాసి వాట్సాప్ గ్రూపుల్లో పంపాడు. మమ్మల్ని అడగలేదు. మా చుట్టాలకు, మిల్లులో హమాలీలకు, అందరికీ చేరింది. అందులో మావాడు ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని రాశాడు. మావాడు నవ్వడు. సంతోషం వస్తే రెండు చేతులు ఒడ్ల రాశిలో మోచేతుల దాకా పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఆయన ఒక్క గంట మా ఇంట్లో కూర్చున్నా ఇది కనపడేది.

మావాడు ఒకే స్టీలు పళ్ళెంలో తింటాడు. అంచు మీద చిన్న సొట్ట ఉంటుంది, ముందు దాన్ని బొటనవేలితో తడిమి చూసి, తర్వాత అన్నం ముడతాడు. ఆ పళ్ళెం ఒకసారి పెళ్ళిలో పోయింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు, బిస్కెట్లతో బతికాడు. మా ఆవిడ కొత్త పళ్ళేన్ని గడపకు కొట్టి సొట్ట చేసింది. సరిగ్గా అదే చోట రాలేదు, అయినా నాలుగో రోజు తిన్నాడు. ఇలాంటివి రాయండి టీచర్ గారూ. సదరం క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్లో వైకల్యం ఎంత శాతమో రాసి ఉంటుంది, పింఛను దానిమీదే వస్తుంది, కాదనను. కానీ ఈ పళ్ళెం సంగతి ఏ కాగితంలోనూ లేదు.

రాసేముందు ఆ తాతను అడగండి. రాశాక ఆయనకు చదివి వినిపించండి. వద్దంటే మీ దగ్గరే ఉంచుకోండి. పేరు, ఊరు మార్చినంత మాత్రాన చాలదు, మన ఊళ్ళలో కుర్చీ, పెట్టె అంటే చాలు ఎవరిల్లో తెలిసిపోతుంది.

వనపర్తి పాత మాస్టారు:

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. మీరు చింపేసిన కథల గురించి కాదు, మీ రిపోర్టు వాక్యం గురించి ఒక మాట చెప్తాను.

"కుర్చీ సరిగా వాడటం లేదు." ఈ వాక్యంలో కర్త ఎక్కడున్నాడు? "మరల సూచించడమైనది." ఎవరు సూచించారు? ఎవరికి కోపం వచ్చింది? మీరు రాసిన నమూనాలన్నీ చూడండి, ఒక్కదానిలోనూ మనిషి లేడు. "మెరుగుపడవలసి ఉన్నది", "తల్లిదండ్రులకు సూచించడమైనది". మన తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది, ఆ సౌకర్యాన్ని ఆఫీసులు బాగా వాడుకున్నాయి. అదే మీ చేతికి అలవాటైంది. భాష పోలేదమ్మా. ఇదే ప్రశ్నలో "తాత ఎదురుగా నిలబడి, పాలన్నం మెత్తగా పిసికి" అని మీరే రాశారు. అక్కడ కర్త ఉన్నాడు, చేతులున్నాయి, నాకు ఆ ఇల్లు కనపడింది. మీరు కథ రాస్తున్నానని అనుకోలేదు గనక అది మంచిగా వచ్చింది.

కాబట్టి అభ్యాసం ఒకటే ఇస్తాను. రోజూ మీ రిపోర్టులోంచి ఒక వాక్యం తీసుకుని దానికి కర్తను పెట్టి తిరగరాయండి. ఎవరు, ఏ చేత్తో, దేన్ని, ఎక్కడ. విశేషణాలు వద్దు. "పాపం" అనే మాట ఒక నెలపాటు వాడకండి.

ఇక క్రమం తప్పకుండా రాయడం గురించి. మన పాలమూరు గడ్డ మీది సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు రావాలి. రాసేవాళ్ళు తక్కువ, చేతిలో డబ్బు తక్కువ. సంపాదకీయం నుంచి ఎన్నో రచనలు తానే రాసేవారు, వేరే వేరే కలం పేర్లు పెట్టుకుని కూడా రాశారు. పత్రిక రోజు వచ్చిందంటే రాసి తీరాలి, మనసు బాగుందా లేదా అని చూసుకునే వీలు లేదు. మనలాంటివాళ్ళకు పత్రిక లేదు గనక ఆ రోజును మనమే పెట్టుకోవాలి, ఎదురుచూసే మనిషిని కూడా మనమే వెతుక్కోవాలి. నా పిల్లలు అమెరికాలో, ఇక్కడ నేను, మా ఆవిడ. పదిహేను రోజులకొకసారి మీరు ఒక కార్డంత రాసి పంపితే నేను చదివి తప్పులు దిద్ది పంపుతాను. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

దేవరకొండ టీచర్:

మాస్టారూ, కర్త సంగతి చదివి నిన్న మా సెంటర్ ఫైళ్ళు తీసి చూశాను. మూడేళ్ళ రిపోర్టుల్లో "నేను" అనే మాట ఎక్కడా లేదు. పాప "చూసింది", "పట్టుకుంది" అన్న క్రియలు కూడా వెతికితే గానీ దొరకలేదు. చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. కార్డు తప్పకుండా పంపుతాను.

అక్కా, మా బస్సు నాలుగుంబావుకు. పిల్లలు మూడున్నరకే వెళ్ళిపోతారు. ఆ టైం నాకు ఇన్నాళ్ళూ ఎందుకు కనపడలేదో. మిర్యాలగూడ అన్నా, ఈ శనివారం తాతను అడుగుతాను. ఆ పళ్ళెం గురించి మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను.

దేవరకొండ టీచర్ (ఆరు వారాల తర్వాత):

ఏమైందో చెప్పకపోతే బాగుండదని మళ్ళీ వచ్చాను.

ఆరు వారాల్లో 23 రోజులు రాశాను. తొమ్మిది రోజులు ఒకటే వాక్యం. ఒక రోజు "వాన, ఇద్దరే వచ్చారు" అని మాత్రమే ఉంది. మాస్టారు మూడు కార్డులు దిద్ది పంపారు. మొదటి దానిలో "అమాయకంగా" అనే మాట చుట్టూ గీత గీసి, పక్కన "ఇది మీరు చూశారా, అనుకున్నారా?" అని రాశారు. అప్పటినుంచి ఏ మాట రాసినా ఆ ప్రశ్న గుర్తొస్తోంది.

ఒకటి రిపోర్టుల్లో కూడా మారింది. గడులు మార్చే అధికారం నాకు లేదు. కానీ రిమార్కుల గడిలో ఇప్పుడు కర్తతో రాస్తున్నాను. "పాప ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని, కుడి చేత్తో పూసలు ఒక్కొక్కటి వేసింది. పదకొండోది వేశాక నా వైపు చూసింది." ఫిజియో మేడం అది చదివి, ఎడమ చెయ్యి ఎంతసేపు పట్టుకుందని అడిగారు. ఇంతకుముందు నా రిపోర్టు చూసి ఎవరూ ఏమీ అడగలేదు. బాబు ఫైల్లో పాత వాక్యం కింద తేదీ వేసి కొత్త వాక్యం రాశాను: "తాత మెడ వంగదు కాబట్టి కుర్చీని పెట్టె మీద పెట్టాడు. బాబు తల వాలకుండా తింటున్నాడు. నేను పాదాల కింద ఇటుకలు పెట్టాను."

తాత దగ్గరికి వెళ్ళాను. రాస్తాను అంటే మొదట అర్థం కాలేదు, పింఛను కాగితం అనుకున్నాడు. కథ అని చెప్తే, "మా పోరని కథ ఎవరు చదువుతరు బిడ్డా" అన్నాడు. ఫోన్లో కొడుకును కూడా అడిగాను. పేరు లేకుండా అయితే సరే అన్నాడు.

మొన్న శనివారం రాసుకున్న రెండు పేజీలు తీసుకెళ్ళాను. బాబు కుర్చీలోనే ఉన్నాడు, అన్నం అయిపోయింది, గదమకు మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. తాత గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చుంటే లేవడం కష్టం ఆయనకు. నేను చదివాను. కోప్పడిన చోట నా గొంతు తగ్గింది. ఆయన ఏమీ అనలేదు, ఒళ్ళంతా తిప్పి బాబు వైపు చూశాడు. చదవడం అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. నచ్చలేదేమో అని భయపడ్డాను.

తర్వాత అన్నాడు: "అంతా మంచిగనే ఉంది గని, పెట్టె అని రాసినవ్. ఉట్టి పెట్టె గాదు అది. మా ముసల్ది కాపురానికి వచ్చినప్పుడు బండి మీద తెచ్చుకున్న పెట్టె. టేకుది. రెండు గొళ్ళాలుండె, ఒకటి ఊడింది. మూతలోపల దాని అద్దం ఇంకా ఉంది. అది గూడ రాయి."

కుర్చీకి కట్టిన తాడు విప్పాం. బాబును నేను ఎత్తుకున్నాను. తాత మూత తెరిచి, అద్దం చూపించాడు.